మన మాట ఎవరి పెట్టెలో ఉంది?
స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో తెలుగు, గిరిజన భాషల ప్రయాణం



ఈ ఇ-సంచికను మీలో చాలామంది సెల్‌ఫోన్‌లోనే చదువుతూ ఉంటారు. అక్షరాలు చక్కగా కనబడుతున్నాయి. ఒత్తులు వాటి చోట అవి ఉన్నాయి. ఒక పేరా నొక్కిపట్టి కాపీ చేసి తాండాలోని అన్నకు పంపితే అక్కడా ఇలాగే కనబడుతుంది. ఇందులో పెద్ద విశేషం ఏముంది అని మీకు అనిపించవచ్చు. ఇరవై ఏళ్ల కిందట ఇది జరిగే పని కాదు. ఎలా జరిగింది, ఎవరు జరిపించారు, అందులో మనవాళ్ల చోటు ఎంత అన్నది చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

ఒక పాత సీడీ కథ

ఇరవై ఏళ్ల కిందట మన బండి ఆత్మకూరు వైపు కొందరం కలిసి ఒక చిన్న పుస్తకం వేశాం. తాండాల్లో అవ్వలు పాడే తీజ్ పాటలు కొన్ని, నల్లమల అంచు గూడేల్లో చెంచు పెద్దలు చెప్పిన కథలు కొన్ని అందులో ఉన్నాయి. నేను అప్పుడు డిగ్రీ చదువుతున్నాను. సాయంత్రాలు సైకిల్ మీద వెళ్లి, అవ్వలు పాడుతుంటే నోటు పుస్తకంలో తెలుగు అక్షరాలతో రాసుకునేవాణ్ణి. నంద్యాలలో ఒక డి.టి.పి. కేంద్రంలో టైపు చేయించాం. రెండు వందల ప్రతులు అచ్చయ్యాయి. పంచాం, సంబరపడ్డాం. ఆ ఫైలును ఒక సీడీలో రాయించి బీరువాలో పెట్టాం.

కొన్నేళ్లకు ఆ పుస్తకం మళ్లీ వేద్దామని చూస్తే ఒక్క మంచి ప్రతి దొరకలేదు. దొరికిన ఒకదానిని చెదలు సగం తినేశాయి. సీడీ ఉంది కదా అని ధైర్యం. కంప్యూటర్‌లో పెడితే ఫైలు తెరుచుకుంది కానీ అందులో ఒక్క తెలుగు అక్షరం లేదు. ఇంగ్లీషు అక్షరాలు, కొట్టివేతలు, డాలరు గుర్తులు, అర్థం లేని చుక్కలు. టైపు చేసిన కేంద్రం అప్పటికే మూతబడింది. వాళ్లు వాడిన ఫాంటు డబ్బు పెట్టి కొనుక్కునేది. ఆ పాత వెర్షన్ కొత్త కంప్యూటర్లలో ఎక్కలేదు. రాసుకున్న నోటు పుస్తకాలు ఇల్లు మారినప్పుడు పోయాయి. పాడిన అవ్వల్లో ఇద్దరు అప్పటికే లేరు.

పాట మనది. గొంతు మన అవ్వది. రాసిన చెయ్యి నాది. అయినా ఆ పాట తాళం చెవి మన దగ్గర లేదు. ఆ రోజు నాకు తట్టిన ప్రశ్నే ఈ వ్యాసానికి పేరు.

కంప్యూటర్‌కు తెలిసింది అంకె మాత్రమే

అలా ఎందుకు జరిగిందో ముందు తెలుసుకుందాం. కంప్యూటర్‌కు అక్షరం తెలియదు, అంకె మాత్రమే తెలుసు. మనం ‘క’ అని కొడితే అది ఒక అంకెను దాచుకుంటుంది. చూపించేటప్పుడు ఆ అంకెకు ఏ బొమ్మ ఉందో ఫాంటులో వెతికి తెరమీద గీస్తుంది. ఏ అక్షరానికి ఏ అంకె అన్నది అందరికీ ఒకటే అయితే చిక్కు లేదు. ఒకప్పుడు అలా లేదు. ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన అంకెల మీదనే తెలుగు బొమ్మలు అతికించి ఫాంటులు తయారుచేసేవారు. ఒక కంపెనీ ఫాంటులో ‘క’ ఒక అంకె దగ్గర ఉంటే మరో కంపెనీ ఫాంటులో ఇంకో అంకె దగ్గర ఉండేది. తెలుగు దినపత్రికలు సైతం ఒక్కొక్కటి ఒక్కో ఫాంటు వాడేవి. ఒక పత్రిక వెబ్‌సైటు చదవాలంటే దాని ఫాంటు దింపుకోవాలి. అది లేకపోతే మన సీడీలో కనిపించినట్టే కనిపించేది.

దీనికి మందు యూనికోడ్. ప్రపంచంలోని లిపులన్నిటికీ ఒకే పట్టిక, ఒక్కో అక్షరానికి ఒకే అంకె. 1991లో వచ్చిన మొదటి వెర్షన్‌లోనే తెలుగుకు 128 గదులు దక్కాయి. అందులో ‘క’ గది సంఖ్య 3093. ఈ లెక్క అమెరికాలోనైనా బండి ఆత్మకూరులోనైనా మారదు. అయితే పట్టికలో చోటు దొరికినంత మాత్రాన పని అయిపోలేదు. ఆ పట్టికను పాటించే ఫాంటు కావాలి, కీబోర్డు కావాలి, ఒత్తులను సరిగా కూర్చే సాఫ్ట్‌వేర్ కావాలి. పాత ఫైళ్లను కొత్త పట్టికలోకి మార్చే పనిముట్టు కూడా కావాలి. ఇవన్నీ ఎవరు చేస్తారు? తెలుగుకు అప్పట్లో పెద్ద అంగడి లేదని కంపెనీలు తొందరపడలేదు. ఆ ఖాళీలోకి వచ్చినవాళ్లు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మనుషులు.

కాలువ పూడిక తీసినట్టు

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అంటే ఏమిటి? దీని మొదలు ఒక ప్రింటర్ దగ్గర ఉందని చెబుతారు. అమెరికాలో ఎం.ఐ.టి. ప్రయోగశాలలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామర్ పనిచేసేవాడు. అక్కడికి వచ్చిన కొత్త లేజర్ ప్రింటర్‌లో కాగితం తరచూ ఇరుక్కునేది. ఇరుక్కున్నప్పుడు అందరికీ కబురు వెళ్లేలా ప్రోగ్రామును సరిచేద్దామని ఆయన అనుకున్నాడు. దాని మూలరూపం, అంటే సోర్సు కోడ్, ఉన్న వ్యక్తిని అడిగితే, ఎవరికీ ఇవ్వనని ఒప్పందం మీద సంతకం పెట్టాను అన్నాడట. బాగుచేసే చెయ్యి ఉండి కూడా బాగుచేయలేని పరిస్థితి స్టాల్‌మన్‌ను కలచివేసింది. 1983 సెప్టెంబరు 27న ఆయన గ్నూ అనే ప్రాజెక్టును ప్రకటించాడు. 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఏర్పడింది. 1989లో జి.పి.ఎల్. అనే లైసెన్సు వచ్చింది.

ఆ ఉద్యమం చెప్పిన స్వేచ్ఛలు నాలుగు. ప్రోగ్రామును ఏ పనికైనా వాడుకునే స్వేచ్ఛ ఒకటి. అది ఎలా పనిచేస్తుందో విప్పి చూసి, మన అవసరానికి మార్చుకునే స్వేచ్ఛ రెండోది. ప్రతులు ఇతరులకు ఇచ్చే స్వేచ్ఛ మూడోది. మనం మార్చిన రూపాన్ని కూడా పంచే స్వేచ్ఛ నాలుగోది. ఇక్కడ మాట డబ్బు గురించి కాదు, హక్కు గురించి. ఊరికే ఇచ్చే యాప్‌లు ఎన్నో ఉన్నాయి. వాటి లోపల ఏముందో మనకు చూపించరు. అవి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కావు.

1991 ఆగస్టు 25న ఫిన్లాండ్‌లో లినస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల విద్యార్థి, సరదాగా ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నానని నలుగురికీ చెప్పాడు. అదే లినక్స్. మరుసటి ఏడాది దానిని జి.పి.ఎల్. కిందికి తెచ్చాడు. మీ చేతిలోని ఆండ్రాయిడ్ ఫోన్ గుండెకాయ ఇవాళ అదే.

మన ప్రాంతం వాళ్లకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. పైరు పెట్టే ముందు ఊళ్లోవాళ్లంతా పారలు పట్టుకుని పంట కాలువ పూడిక తీయడం మీ తాతలను అడగండి, చెబుతారు. ఒకరు రెండు గంపలు మన్ను తీస్తారు, ఇంకొకరు ఇరవై తీస్తారు. నీళ్లు అందరి పొలానికీ పారతాయి. కాలువ ఎవరి సొంతమూ కాదు, అలాగని దిక్కులేనిదీ కాదు. పూడిక తీయడం మానేస్తే రెండేళ్లలో మూసుకుపోతుంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు బలమైనా బలహీనతైనా అదే.

తెలుగు కాలువ తవ్వినవాళ్లు

తెలుగును కంప్యూటర్‌లోకి తెచ్చిన చరిత్రలో జీతం లేకుండా పనిచేసినవారే ఎక్కువ. యూనికోడ్ ఇంకా జనంలోకి రాని 1990 దశకం తొలిరోజుల్లో, అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయం దగ్గర కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ కలిసి ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఒక పద్ధతిని రూపొందించారు. దానికే ఆర్.టి.ఎస్. అని పేరు. ఇప్పుడు మీరు ‘అమ్మ’ కోసం ఇంగ్లీషు అక్షరాలు నొక్కే అలవాటుకు పెద్దన్న లాంటిది అది.

తర్వాత తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన అనే యూనికోడ్ ఫాంటులు తయారుచేసి అందరికీ విడిచిపెట్టారు. జి.పి.ఎల్. కింద ఉన్న ఆ ఫాంటులు లినక్స్ వ్యవస్థల్లోకి కూడా చేరాయి. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున చొరవతో తెలుగు వికీపీడియా మొదలైంది. ఆ నాగార్జునే ‘పద్మ’ అనే పనిముట్టును రాశారు. పత్రికల సొంత ఫాంటుల్లో ఉన్న పాఠాన్ని అది యూనికోడ్‌లోకి మార్చి చూపిస్తుంది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కు దాన్ని తగిలించుకుంటే, ఫాంటు లేకపోయినా పత్రిక చదవగలిగేవాళ్లం.

ఇక్కడే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మహిమ చూడండి. పద్మ మూలం బహిరంగంగా ఉంది కాబట్టి వీవెన్ అనే యువకుడు దాని ఆధారంగా 2006లో ‘లేఖిని’ని తయారుచేశారు. ఎడమవైపో పైనో ఇంగ్లీషు అక్షరాలు కొడితే పక్కనే తెలుగు వచ్చేది. ఏ సాఫ్ట్‌వేరూ ఎక్కించుకోనక్కర లేదు. ఇంటర్నెట్ సెంటర్‌లో గంటకు ఇంత అని కట్టి కూర్చున్న కుర్రవాళ్లు కూడా తెలుగులో రాయగలిగారు. నేను మొదటిసారి యూనికోడ్ తెలుగు రాసింది దానిలోనే. ఒకరు తవ్విన కాలువకు ఇంకొకరు పిల్లకాలువ తీశారు. మూడోవాళ్ల పొలం తడిసింది.

హైదరాబాదులో ‘ఈ-తెలుగు’ పేరుతో కొందరు చేరి పుస్తక ప్రదర్శనలో దుకాణం పెట్టి, కంప్యూటర్‌లో తెలుగు రాయడం ఎలాగో వచ్చినవాళ్లకల్లా చూపించారు. 2005లో మొదలైన ‘స్వేచ్ఛ’ సంస్థ ఇంజనీరింగు విద్యార్థులను కలుపుకుని తెలుగులో పనిచేసే ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారుచేసింది. ఫైర్‌ఫాక్స్, లిబ్రె ఆఫీస్ వంటి వాటి మెనూలను వాక్యం తర్వాత వాక్యం తెలుగులోకి తెచ్చినవారు వేరే ఉన్నారు. ‘డౌన్‌లోడ్’కు ‘దింపుకోలు’ అన్నారు, ‘పాస్‌వర్డ్’కు ‘సంకేతపదం’ అన్నారు, ‘బ్రౌజర్’కు ‘విహారిణి’ అన్నారు. కొన్ని మాటలు నిలిచాయి, కొన్ని నిలవలేదు. ఆ మాటల మీద రాత్రులు రాత్రులు వాదించుకున్నారు. అలా వాదించుకునే హక్కు ఉండటమే గొప్ప. కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో ఆ మాట ఎవరో ఎక్కడో నిర్ణయిస్తారు, మనం వాడుకుంటాం, అంతే.

సిలికానాంధ్ర వారి ప్రయత్నంతో సురవరం, మండలి, గురజాడ, పెద్దన, తిమ్మన వంటి పేర్లతో అందమైన ఫాంటులు స్వేచ్ఛా లైసెన్సు కింద వచ్చాయి. రెడ్ హ్యాట్ సంస్థ లోహిత్ తెలుగు ఫాంటును ఇచ్చింది. వ్యాపార సంస్థలు కూడా ఈ కాలువలో మన్ను తీసిన సందర్భాలు ఉన్నాయని మరిచిపోకూడదు.

ఒక్క అక్షరం ఫోన్లను ఆపిన రోజు

2018 ఫిబ్రవరిలో ఒక వింత జరిగింది. ‘జ్ఞా’ అనే తెలుగు అక్షరాన్ని ఒక ప్రత్యేకమైన కూర్పులో, మధ్యలో కంటికి కనిపించని ఒక సంకేతంతో పంపితే ఐఫోన్లు స్తంభించిపోయాయి. మెసేజ్ తెరిస్తే యాప్ మూసుకుపోయేది. ప్రపంచమంతా తెలుగు అక్షరం గురించి మాట్లాడుకుంది. ఆ నెలలోనే ఆపిల్ కంపెనీ 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది.

దీనిలో మనకు పాఠం ఉంది. జకారానికి ఞకారం ఒత్తు, దానికి దీర్ఘం కూర్చడం మనకు రెండో తరగతి పాఠం. యంత్రానికి అది పెద్ద లెక్క. ఆ లెక్క చేసే భాగం మూసిన పెట్టెలో ఉంటే, తెలుగు తెలిసిన లక్షల మందిలో ఒక్కరు కూడా లోపలికి చూసి తప్పు ఎక్కడుందో చెప్పలేరు. కంపెనీ చెయ్యి పెట్టేదాకా ఆగాల్సిందే. ఆండ్రాయిడ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రె ఆఫీస్ వంటివి అక్షరాలు కూర్చడానికి ‘హార్ఫ్‌బజ్’ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను వాడతాయి. దానిలో తెలుగు ఒత్తు తప్పుగా పడితే, తప్పును బొమ్మతో సహా చూపించి నివేదించవచ్చు. చేతనైతే మనమే సరిచేసి పంపవచ్చు. తప్పులు అక్కడా ఉంటాయి. తేడా అల్లా తలుపు తీసి ఉండటమే.

గిడుగు నుంచి గుంజాల దాకా

పైన చెప్పిన స్వేచ్ఛా ఫాంటుల్లో ‘గిడుగు’ అని ఒకటి ఉంది. ఆ పేరు గిడుగు వేంకట రామమూర్తి గారిది. వాడుక భాషా ఉద్యమ నాయకుడిగానే మనకు ఆయనను పాఠ్యపుస్తకాలు చూపిస్తాయి. ఆగస్టు 29, ఆయన పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. అయితే గిరిజన యువతకు ఆయన ఇంకో విధంగా కావలసినవాడు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవరల భాషను వాళ్ల దగ్గరే కూర్చుని నేర్చుకున్నారు. ఆ భాషలో వాచకాలు రాశారు, సవర పిల్లలకు చదువు చెప్పించారు. 1931లో ఆయన సవర భాషా వ్యాకరణం ఇంగ్లీషులో వెలువడింది. లిపి లేని మాటకు పుస్తకం ఉండవచ్చని నూరేళ్ల కిందటే చూపించారు.

ఐదేళ్లకు, 1936లో, సవరల్లోనే పుట్టిన మంగేయి గొమాంగో ‘సొరాంగ్ సొంపెంగ్’ అనే సొంత లిపిని తయారుచేశారు. ఆ లిపికి 2012లో యూనికోడ్‌లో గదులు దక్కాయి. అంతకు ముందు, 1925లో సంతాలుల కోసం పండిత రఘునాథ్ ముర్ము సృష్టించిన ఓల్ చికీ లిపి 2008లో యూనికోడ్‌లో చేరింది. పదేళ్ల తర్వాత, 2018 ఆగస్టులో, అదే లిపిలో సంతాలీ వికీపీడియా మొదలైంది. దాన్ని ఏ ప్రభుత్వమూ తెచ్చి ఇవ్వలేదు. సంతాలీ యువత ముందుగా ప్రయోగశాల లాంటి ‘ఇంక్యుబేటర్’లో నెలల తరబడి వ్యాసాలు రాసింది. వికీ సాఫ్ట్‌వేర్ మెనూలను తమ భాషలోకి మార్చింది. అప్పుడే తలుపు తెరుచుకుంది.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఆదిలాబాద్ జిల్లా నార్నూరు మండలంలోని గుంజాల అనే గోండు గూడెం. అక్కడి పెద్దల ఇళ్లలో పాత రాతప్రతులు ఉన్నాయి. వాటిలోని లిపి తెలుగూ కాదు, దేవనాగరీ కాదు. ఆచార్య జయధీర్ తిరుమలరావు తదితరులు దానిని వెలుగులోకి తెచ్చారు. ఆ లిపి చదవగలిగిన కొద్దిమంది వృద్ధులు ఊరి పిల్లలకు నేర్పారు. 2018 జూన్‌లో ‘గుంజాల గోండి’ పేరుతో అది యూనికోడ్ 11వ వెర్షన్‌లో చేరింది. అంతకు ఏడాది ముందే, 1918లో మున్షీ మంగళ్ సింగ్ మసారామ్ రూపొందించిన మరో గోండి లిపి చేరి ఉంది. ఈ రెండింటికీ ‘నోటో’ అనే స్వేచ్ఛా ఫాంటులు ఇవాళ ఎవరైనా దింపుకోవచ్చు. ఒక మారుమూల గూడెం పేరు ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ పాటించే పట్టికలో శాశ్వతంగా నిలిచింది.

గోండి మాట్లాడేవాళ్లు అనేక రాష్ట్రాల్లో ఉన్నారు. ఒక చోటి మాట ఇంకో చోట అర్థం కాదు. అన్ని చోట్ల నుంచీ మనుషులు వచ్చి, ఏళ్ల పాటు కూర్చుని, 2018 నాటికి సుమారు 3,000 మాటలతో ఉమ్మడి నిఘంటువు ఒకటి తయారుచేసుకున్నారు. సాఫ్ట్‌వేర్‌కు ముందు చేయవలసిన పని అదే. మన మాటలు మనం పోగుచేసుకోవడం.

మరి మన సంగతి?

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. 2011 జనాభా లెక్కల్లో లంబాడీ మాతృభాష అని చెప్పినవాళ్లు 32 లక్షలకు పైగా ఉన్నారు. కానీ ఆ లెక్కను హిందీ కింద కలిపి చూపించారు. మన గోర్ బోలీకి అధికారికంగా ఒక లిపి లేదు. మహారాష్ట్రలో దేవనాగరిలో, కర్ణాటకలో కన్నడంలో, ఇక్కడ తెలుగులో రాసుకుంటున్నాం. ఆ మూడు చోట్లా అమ్మను ‘యాడి’ అనే పిలుస్తాం, కానీ ఒకరి రాత ఇంకొకరికి చదవరాదు. మన తాతలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని లదేణి చేస్తూ ఈ రాష్ట్రాలన్నీ దాటారు. వాళ్లకు అడ్డురాని సరిహద్దు మన సెల్‌ఫోన్‌లో అడ్డొస్తోంది. ఒక లిపి నుంచి ఇంకో లిపికి మార్చే చిన్న ప్రోగ్రాము, మన ఉచ్చారణకు తగినట్టు, మనవాళ్లే రాయగలిగితే ఆ అడ్డు తొలగుతుంది. పద్మ చేసిన పని అలాంటిదే కదా.

చెంచుల సంగతి వేరు. వాళ్లు మాట్లాడేది తెలుగే. అయితే నల్లమలలోని గడ్డలకు, చెట్లకు, తేనె రకాలకు, వాగులకు వాళ్ల దగ్గర ఉన్న పేర్లు మన నిఘంటువుల్లో ఎన్నో కనిపించవు. మ్యాపుల్లో అడవి అంతా ఒకే పచ్చ మరక. పెంటల పేర్లు ఉండవు. తాండాల పేర్లు ఉన్నా తప్పుల తడక.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. పెద్దన్నగా చెప్పకపోతే తప్పవుతుంది. స్వేచ్ఛగా పెట్టినది ఎవరైనా వాడుకుంటారు. మొజిల్లా సంస్థ 2017లో మొదలుపెట్టిన ‘కామన్ వాయిస్’లో మన గొంతు చేర్చితే, అది ఏ షరతూ లేకుండా అందరిదీ అవుతుంది. కంప్యూటర్‌కు మన భాష వినడం నేర్పాలంటే అది మంచి దారే. పిండి వంటల గురించి, పొలం పనుల గురించి మాట్లాడి ఇవ్వడానికి అభ్యంతరం ఎందుకు? కానీ దేవర ముందు మాత్రమే పాడే పాట ఉంటుంది. ఒక కుటుంబం తరతరాలుగా దాచుకున్న వేరు మందు ఉంటుంది. వాటిని పెట్టే హక్కు రికార్డు చేసిన కుర్రవాడిది కాదు. ముందు గూడెం పెద్దను, తాండా నాయక్‌ను, పాడిన అవ్వను అడగాలి. పెడితే ఎవరు వినవచ్చో, తర్వాత వెనక్కి తీసుకోలేమన్న సంగతి ఏమిటో వాళ్ల భాషలో విడమరచి చెప్పాలి. వద్దంటే వద్దు. స్వేచ్ఛ అనే మాటలో కాదనే స్వేచ్ఛ కూడా ఉంది.

మీ చేతిలో ఉన్న పనులు

ప్రోగ్రామింగ్ రాకపోతే మాకేం పని అని కొందరు అడుగుతారు. కాలువ పూడిక తీసేవాళ్లంతా ఇంజనీర్లు కారు. మీకు నాలుగు పనులు చెబుతాను.

మొదటిది, మన ఊళ్ల పేర్లు. 2004లో మొదలైన ‘ఓపెన్ స్ట్రీట్ మ్యాప్’లో ఎవరైనా ఖాతా తెరిచి తమ తాండాను, గూడేన్ని, బడిని, చేతిపంపును గుర్తించి తెలుగులో పేరు రాయవచ్చు. వానాకాలంలో ఏ దారి మునుగుతుందో మీకు తెలిసినట్టు ఉపగ్రహానికి తెలియదు. ఒక ఆదివారం నలుగురు కలిసి తిరిగితే ఒక తాండా పూర్తవుతుంది. ఇళ్లలో ఎవరున్నారన్నది మాత్రం రాయకండి. దారులూ పేర్లూ చాలు.

రెండోది, మాటలు. ఒక్కొక్కరు అవ్వ దగ్గర కూర్చుని వంద మాటలు రాయండి. తెలుగులో అర్థం, ఒక వాక్యం పక్కన రాయండి. యూనికోడ్‌లోనే రాయండి. సాదా టెక్స్ట్ ఫైలుగా లేదా లిబ్రె ఆఫీస్‌లో పట్టికగా దాచండి. రెండు మూడు చోట్ల ప్రతులు పెట్టండి. ఏ ఒక్క యాప్‌లోనే దాచి నిశ్చింతగా ఉండకండి.

మూడోది, అనువాదం. ఏ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లోనైనా తెలుగు మెనూల్లో తప్పు మాట కనిపిస్తే సరిచేయడానికి చోటు ఉంటుంది. అక్కడ చెయ్యి తిరిగాక, ‘భద్రపరచు’ అన్నదానికి మన తాండాలో అవ్వ ఏమంటుందో ఆలోచించండి. గోర్ బోలీ మెనూలకు అదే మొదటి అడుగు.

నాలుగోది, కీబోర్డు. ‘కీమ్యాన్’ అనే పనిముట్టు 2017లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా మారింది. దానితో చిన్న భాషల వాళ్లు తమ కీబోర్డు తామే తయారుచేసుకోవచ్చు. ఇంజనీరింగు, పాలిటెక్నిక్ చదివే మన పిల్లలకు ఇది మంచి ప్రాజెక్టు. ఆడపిల్లలు ముందుకు రావాలని ప్రత్యేకంగా అడుగుతున్నాను. మన పాటలు నిలిపింది అవ్వలు, అమ్మలే కదా. యంత్రంలోకి వాటిని తెచ్చే పని మగపిల్లల చేతికే వదిలేయడం న్యాయం కాదు.

ఒక మాట గుర్తు పెట్టుకోండి. ఈ పనుల్లో ఉత్సాహంగా మొదలుపెట్టి ఆరునెలలకు వదిలేసినవే ఎక్కువ. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ తన పాత తరహా పొడిగింపులను ఆపేసినప్పుడు, చూసుకునేవాళ్లు లేని ఎన్నో పనిముట్లు ఒక్క రోజులో మూలపడ్డాయి. మూలం అందుబాటులో ఉన్నా, తిరగరాసే మనిషి ఉన్నవే బతికాయి. అందుకే పదిమంది ఒకేసారి ఎగబడటం కంటే ఇద్దరు ముగ్గురు ఏళ్ల తరబడి నిలబడటం మేలు.

సీడీ సంగతి చివరికి

ఆ పాత సీడీ ఏమైందని మీరు అడగాలి. స్వచ్ఛందంగా కొందరు తయారుచేసిపెట్టిన ఫాంటు మార్పిడి పట్టికలు దొరికాయి. వాటితో ఫైలును యూనికోడ్‌లోకి మార్చాం. ముప్పాతిక వంతు తెలుగు బయటికి వచ్చింది. మిగిలినచోట ఒత్తులు, గుడులు తారుమారయ్యాయి. వాటిని సరిచేయడానికి ఆ అవ్వల కూతుళ్లను, కోడళ్లను కూర్చోబెట్టి ఒక్కొక్క చరణం పాడించుకున్నాం. మాకు పట్టికలు ఇచ్చినవాళ్లు ఎవరో మేము ఎన్నడూ చూడలేదు. వాళ్లకు మన తాండా ఎక్కడుందో తెలియదు.

రెండు పాటలు మాత్రం కుదరలేదు. అక్షరాలు ఉన్నాయి, అర్థం తెలిసినవాళ్లు లేరు. పాడినావిడ పోయింది, ఆమె తర్వాత ఎవరూ నేర్చుకోలేదు. ఆ రెండు పాటలను ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు.

ఇంకా పాడే అవ్వలు మన తాండాల్లో ఉన్నారు. కథ చెప్పే తాతలు గూడేల్లో ఉన్నారు. ఈ సంచిక చదవడం అయ్యాక ఫోను పక్కన పెట్టి వాళ్ల దగ్గరికి వెళ్లండి. ముందు వినండి. అడగండి. వాళ్లు సరే అన్నాక ఆ ఫోను మళ్లీ చేతిలోకి తీసుకోండి.

మీ అన్న